ఫితూరీలో మా పేర్లు

మా అవ్వకి పుట్టిన సంవత్సరం తెలీదు. వయసు అడిగితే "ఫితూరీ నాటికి నాకు పాలపళ్లు ఊడతన్నాయి" అనేది. రేషన్ కార్డు రాయడానికి వచ్చిన గుమస్తా ఆ ఒక్క మాట పట్టుకుని వేళ్ల మీద లెక్కకట్టి 1915 అని వేశాడు. మా అమ్మ పుట్టుక, మేనమామ పెళ్లి, ఊరు సగం కాలిపోయిన వేసవి, అన్నీ ఫితూరీకి ఇన్నేళ్ల తర్వాత అనే చెప్పేది. నా చిన్నతనంలో చింతపల్లి చుట్టుపక్కల మన్యంలో ముసలివాళ్లందరిదీ అదే లెక్క.

ఫితూరీ అంటే తిరుగుబాటు. అవ్వ చెప్పే ఫితూరీ 1922 ఆగస్టులో అంటుకుని 1924 వేసవిలో ఆరిపోయింది. బయటి లోకం దాన్ని అల్లూరి సీతారామరాజు పోరాటం అంటుంది. అవ్వ ఆ పేరు గౌరవంగానే పలికేది గానీ, ఎక్కువసార్లు పలికేది కాదు. "రాజుగోరు మా ఊరు రానేదు. పోలీసోళ్లే వొచ్చినారు. గాదిలో సోళ్లు ఊడ్చుకుపోనారు" అనేది. సోళ్లంటే రాగులు. ఆ సోళ్ల సంగతి చెప్పినన్నిసార్లు ఆమె ఇంకేదీ చెప్పలేదు.

నేను సోషల్ టీచర్ని. ముప్ఫై ఏళ్లకు పైగా గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పనిచేశాను. చివరి ఎనిమిదేళ్లు అరకు లోయలో. ప్రతి జులై 4న రాజుగారి జయంతికి పిల్లలతో నాటకం వేయించేదాన్ని. పంచెని ముందురోజు రాత్రి పసుపు నీళ్లలో నానబెట్టి ఆరేసేవాళ్లం. దూది పరిచి, బొగ్గుపొడి అద్ది, జిగురుతో గడ్డం అంటించేవాళ్లం. నాటకం సగానికి వచ్చేసరికి చెమటకి ఆ గడ్డం ఒక చెంప నుంచి ఊడి వేలాడేది. అందరిలోకీ పొడుగ్గా, కాస్త తెల్లగా ఉన్న కుర్రాడు రాజు. ఇద్దరు దొరలు, నలుగురు కానిస్టేబుళ్లు. మిగిలిన ఇరవై మందీ వెదురు విల్లులు పట్టుకుని గుంపు.

ఒక ఏడు ఆ గుంపులో ఉన్న కొండదొరల పిల్లాడు, అయిదో తరగతి వాడు, పాత్రల జాబితా రాస్తూ నా దగ్గరికొచ్చాడు. "మేడం, నా పేరేటి రాయాలి?" అన్నాడు. 'గుంపు' అని రాయమన్నాను. రాసి, మళ్లీ వచ్చాడు. "గుంపు కాదు మేడం, నాను ఎవుడిని?"

నేను ఆ పాఠం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఫితూరీ జరిగిన నేల మీద పుట్టినదాన్ని. అయినా నోట్లోంచి వెంటనే ఒక్క పేరు రాలేదు. సాయంత్రం పుస్తకాలు తిరగేసి మర్నాడు వాడికి చెప్పాను, "నువ్వు గాం గంటం దొరవి. బట్టిపనుకుల ముఠాదారువి" అని. ఆ రోజు నుంచి నేను చదివినవి, విన్నవి ఇక్కడ రాస్తున్నాను.

రాజుగారి జీవితం తెలుగువాళ్లకి తెలిసినదే గనక ఎక్కువ చెప్పను. 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లి పుట్టింట పుట్టారు. తండ్రిది భీమవరం దగ్గర మోగల్లు. ఆయన ఫోటోగ్రాఫర్, కొడుకు చిన్నవయసులో ఉండగానే పోయారు. చదువు ఊరూరా సాగింది, పూర్తికాలేదు. దేశం తిరిగి, సన్యాసిగా మన్యం అంచున కృష్ణదేవిపేటకి వచ్చి చేరింది 1917లో. జ్యోతిషం, మూలికా వైద్యం తెలుసు. తాగుడు మానండి, ఖద్దరు కట్టండి, కోర్టులకి పోకుండా పంచాయితీలో తగవు తీర్చుకోండి అని చెప్పేవారు. అసలు పేరు శ్రీరామరాజు. 'సీత' ఎలా వచ్చి చేరిందో రకరకాల కథలు ఉన్నాయి. ఆయన మీద వచ్చిన సినిమాలో చూపిన ప్రేయసి సీతకి చరిత్రలో ఆధారం లేదు.

ఆయన రాకముందు మన్యం ఎలా ఉందో చెప్పాలి. అక్కడే పాఠ్యపుస్తకాలు ఒక పేరాతో సరిపెట్టేస్తాయి.

కొండల్లో ఊళ్లని ముఠాలుగా విడదీసి, ఒక్కో ముఠాకి ఒక ముఠాదారు ఉండేవాడు. కప్పం వసూలు, కాపలా, తగవులు అతని పని. అతన్ని దొర అనేవారు. ఇంగ్లీషువాళ్లు వచ్చాక ముఠాదారుని తాము జీతమివ్వని నౌకరుగా చూశారు; నచ్చకపోతే తీసేసేవారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలకి రిజర్వు హద్దులు పడ్డాయి. పోడు కొట్టుకుని, రెండు మూడేళ్లు సామలూ సోళ్లూ పండించి, నేలని మళ్లీ అడవికి వదిలేసే పద్ధతి నేరమైపోయింది. అడవిలో కట్టె కొట్టినా, పశువుని మేపినా గార్డుకి చెయ్యి తడపాలి. కింద నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పు, గుడ్డ అప్పిచ్చి చింతపండూ పసుపూ పట్టుకుపోయేవారు. ఆ దోపిడీ ఎంత ముదిరిందంటే, వడ్డీలకీ భూముల బదిలీకీ అడ్డుకట్ట వేస్తూ 1917లో సర్కారే ఏజెన్సీకి ఒక చట్టం చేయాల్సివచ్చింది. రాజుగారు కృష్ణదేవిపేటలో అడుగుపెట్టింది ఆ ఏడే.

మా వాళ్లు అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1879లో రంప కొండలు మండిపోయాయి. జీలుగు చెట్టు కల్లు మీద ఆ కొండల పెత్తందారైన మన్సబుదారు 'చిగురు పన్ను' వేశాడు. పెళ్లికీ చావుకీ పండక్కీ గంజిలా తాగే కల్లు అది. కారం తమ్మన్న దొర నాయకత్వంలో రంపలో మొదలైన ఆ ఫితూరీ గూడెం కొండలకీ భద్రాచలం వైపుకీ పాకింది. గూడెం వైపు ద్వారబంధాల చంద్రయ్య నిలబడ్డాడు. ఇద్దర్నీ చంపితే గానీ సర్కారుకి నిద్రపట్టలేదు. 1886లో గూడెంలో మళ్లీ లేచింది. 1915-16లో లాగరాయి ఫితూరీ. దాన్ని నడిపినవాళ్లలో ఒకడైన మొట్టడం వీరయ్య దొర 1922 నాటికి రాజవొమ్మంగి ఠాణాలో బందీగా ఉన్నాడు.

అంటే రాజుగారు వచ్చి నిప్పు రాజేసిన చోట అంతకుముందు నలభైమూడేళ్లలో మూడుసార్లు మంట లేచింది. మా పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు రోడ్డు సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేసే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో పడింది. ఊళ్లకి కబురు పంపి మనుషుల్ని తోలుకొచ్చేవారు. సర్కారు కాగితం మీద కూలి ఒకటి, చేతిలో పడేది ఇంకొకటి. రాయి పగలగొట్టేది, బుట్టలెత్తేది ఆడామగా అందరూ. పోడు కాల్చే రోజుల్లో, విత్తు చల్లే రోజుల్లో రోడ్డు పనికి పట్టుకుపోతే ఆ ఏడాదికి గాది ఖాళీ. కొట్టిన దెబ్బలు ఒక రోజుతో పోతాయి, పోయిన పంటకాలం తిరిగి రాదు. మన్యం కోపం ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఈ రోడ్డునే చూపిస్తాను.

గాం సోదరులది బట్టిపనుకుల. గంటం దొర అక్కడ ముఠాదారు; సర్కారు ఆయన్ని తీసేసింది, భూమీ పోయింది. ఆయన తమ్ముడి వరస మల్లు దొర. బాస్టియన్‌తో వాళ్లకి నేరుగా తగాదా. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను బగత తెగ ఇంటి ఆడపడుచుని. ముఠాదారుల్లో ఎక్కువమంది మా వాళ్లే. ముఠాదారు పోడు రైతు లాంటివాడు కాదు. రైతు దగ్గర వసూలు చేసేవాడు. పోయిన ముఠా కోసం లేచిన దొరా, పోయిన పోడు కోసం లేచిన రైతూ ఒకే విల్లు పట్టుకున్నారు. వాళ్ల బాధలు రెండు. రెండింటినీ ఒక్క దారిలోకి తెచ్చినవాడు రాజుగారు. గూడెం కొండలకీ రంప కొండలకీ మధ్య ముఠాల పాత వైరాలు దాటించి అందర్నీ కలపడం ఏ ఒక్క దొర వల్లా కాలేదు. ఏ ముఠాకీ చెందనివాడు, ఇల్లూ భూమీ అడగనివాడు గనక ఆయన వల్ల అయింది. తూటా ఆయన్ని తాకదని జనం నమ్మారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా. మర్నాడు కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు, 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ఏమేం తీసుకున్నారో కాగితం మీద రాసి, సంతకం చేసి, ఠాణాలో పెట్టి వెళ్లారు రాజుగారు. సినిమాల్లో అందరూ చప్పట్లు కొట్టే చోటు ఇది. నాకు మాత్రం రాజవొమ్మంగిలో తలుపు తెరుచుకున్న క్షణం ముఖ్యం. అక్కడ బందీగా ఉన్న వీరయ్య దొర బయటికొచ్చి ఫితూరీలో కలిశాడు. లాగరాయి ఫితూరీ చేయి ఈ ఫితూరీ చేయి పట్టుకున్నది ఆ గుమ్మంలో.

సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో కాపువేశారు. ముందు నడుస్తున్న దేశీ సిపాయిల్ని పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్ని కాల్చారు. తోటి దేశస్థుణ్ణి చంపకూడదన్నది రాజుగారి పట్టుదల. అక్టోబర్‌లో అడ్డతీగల, రంపచోడవరం. అడ్డతీగలలో తుపాకులు ముందే దాచేసి పోలీసులు సిద్ధంగా ఉన్నారు. మొదటి మూడు ఠాణాల మాదిరి ఆయుధాలు ఇక దొరకలేదు. డిసెంబర్ 6న పెదగడ్డపాలెం దగ్గర పొలాల్లో ఎదురెదురు పడినప్పుడు చాలామంది పోయారు. విల్లూ బాణం, పాత తుపాకీ పట్టుకుని మెషీన్ గన్ ముందు నిలబడితే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది.

తర్వాత వచ్చింది అవ్వ చెప్పిన కాలం. మలబారు స్పెషల్ పోలీసులు, వాళ్ల తర్వాత అస్సాం రైఫిల్స్. ఫితూరీవాళ్లకి గింజ పెట్టారన్న అనుమానం వస్తే ఊరు ఊరంతా నేరస్థులే. సంతలు ఆగిపోయాయి. ఉప్పు లేని అంబలి తాగి నోరు పుండ్లు పడ్డాయని అవ్వ చెప్పేది. ఆమె తండ్రి రాత్రిపూట గింజల మూట గెడ్డ దాటించి రాతి సందులో పెట్టి వచ్చేవాడట. ఎవరు తీసుకునేవారో చూడకూడదు, అడగకూడదు. చూసినవాడు దెబ్బలకి తాళలేక చెప్పేస్తాడు గనక. ఆ మనిషి పేరు ఏ రికార్డులోనూ లేదు. ఏ పించనుకీ అర్జీ పెట్టలేదు. సర్కారు పక్షాన నిలిచిన ముఠాదారులూ ఉన్నారు, ఆచూకీ చెప్పినవాళ్లూ ఉన్నారు. బెదిరింపుకి కొందరు, బహుమానానికి కొందరు. వాళ్లూ మా వాళ్లే. అదీ రాయాలి.

1923 సెప్టెంబర్‌లో మల్లు దొర పట్టుబడ్డాడు. 1924లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక అధికారిగా వచ్చాక ఉచ్చు బిగిసింది. మే 7న మంప దగ్గర రాజుగారు చిక్కారు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఎదుట చెట్టుకి కట్టి కాల్చి చంపారు. విచారణ లేదు, కోర్టు లేదు. వయసు 27 నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. రూథర్‌ఫర్డ్ తర్వాతికాలంలో బీహారు గవర్నరు అయ్యాడు.

పాఠం అక్కడితో ఆపేస్తారు. ఫితూరీ అక్కడితో ఆగలేదు. గంటం దొర ఇంకా కొన్నాళ్లు అడవిలో నిలబడి, ఆ జూన్‌లో తూటాకి బలయ్యాడు. మల్లు దొరకి మరణశిక్ష వేసి యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. గోకిరి ఎర్రేసు, బొంకుల మోదిగాడు, అగ్గిరాజు అని పిలుచుకున్న పేరిచర్ల సూర్యనారాయణరాజు, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. అగ్గిరాజు మైదానం మనిషి, ఆయనా అండమాన్‌కే వెళ్లాడు. మల్లు దొర బతికి తిరిగొచ్చాడు. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకి గెలిచాడు. తనకి మరణశిక్ష వేసిన సర్కారు పోయాక ఢిల్లీలో చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. నేను టీచరునయ్యాక కూడా చాలా ఏళ్లకి గానీ ఈ సంగతి నాకు తెలీలేదు. బాధ కలిగింది. నాకు చదువు చెప్పినవాళ్లకి తెలీకపోతేనో, అక్కర్లేదనుకుంటేనో కదా ఇలా జరిగింది.

ఇక రాజుగారు పోయాక ఆయన ఎవరివాడు అన్న తగువు. బతికుండగా మైదానపు పత్రికలూ కాంగ్రెసు నాయకులూ దూరంగానే ఉన్నారు. సహాయ నిరాకరణ ఆగిపోయిన రోజులవి, తుపాకీ అంటే జంకు. పోయిన కొన్నేళ్లకి గొంతు మారింది. కాకినాడలో ఆయనతో చదువుకున్న మద్దూరి అన్నపూర్ణయ్య లాంటివాళ్లు ఆ పేరు నిలబెట్టారు. గాంధీగారు 1929లో యంగ్ ఇండియాలో రాస్తూ ఆయన మార్గాన్ని ఒప్పుకోకుండానే ధైర్యాన్నీ త్యాగాన్నీ మెచ్చుకున్నారు. కమ్యూనిస్టులు ఆయనలో గెరిల్లాని చూశారు. భక్తులు సన్యాసిని చూశారు. కులసంఘాలు తమ కులంవాణ్ణి చూసుకున్నాయి. ఆయన చావలేదని, ఎక్కడో సాధువుగా బతికే ఉన్నారని నమ్మినవాళ్లూ ఉన్నారు.

1974 మే 1న రాజుగారి కథతో కృష్ణగారి నూరవ సినిమా వచ్చింది. మా చింతపల్లి అడవుల్లోనే తీశారు. నాకు పద్నాలుగేళ్లు. నర్సీపట్నంలో తోసుకుంటూ లోపలికెళ్లి నేలటికెట్‌లో కూర్చున్నాం. అవ్వనీ తీసుకెళ్లాం. ఠాణాల మీద పడే దృశ్యానికి హాలంతా లేచి ఈలలు. నేనూ లేచాను. రాజుగారు నేలకొరిగేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను. శ్రీశ్రీ పాటకి జాతీయ బహుమతి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ సినిమా లేకపోతే తెలుగుదేశంలో సగంమందికి మన్యం అన్న మాటే తెలిసేది కాదు. ఆ రుణం కాదనను. బయటికొచ్చాక అవ్వ ఒకటే అడిగింది. "మనోళ్లు అందరూ కాళ్లు మొక్కడమేనా? సోళ్లు మోసినోడు ఏడీ?"

యాభై ఏళ్లయింది, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా, అరకు, పాడేరు, రంపచోడవరం ప్రాంతాలతో కొత్త జిల్లా ఏర్పడి దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినప్పుడు మా స్టాఫ్ రూములో పెద్ద చర్చే జరిగింది. గిరిజనుల జిల్లాకి గిరిజనేతరుడి పేరా, గాం సోదరుల పేరు పనికిరాలేదా అన్నవాళ్లున్నారు. రాజుగారు మా కోసం చచ్చిపోయాడు, ఆయన కంటే ఎవరు అన్నవాళ్లూ ఉన్నారు. రెండు వైపులా మావాళ్లే. పండితుల మధ్యా ఇదే తగువు నడిచింది. డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప ఫితూరీలన్నిటినీ ఒక వరసలో పెట్టి చూశాడు. అలా చూస్తే రాజుగారు ఆ వరసలో చివరివాడు. ఆయన్నే మధ్యన నిలబెట్టి, స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా చూసినవాళ్లు ఇంకొందరు.

నా తీర్పు అడిగితే ఇది. రాజుగారు ఆదివాసుల్ని వాడుకున్నారన్న మాట అబద్ధం. వాడుకునేవాడు చెట్టుకి కట్టించుకుని చావడు. ఆయన వచ్చి కళ్లు తెరిపించేదాకా ఆదివాసులు నిద్రపోతున్నారన్న మాట అంతకంటే పెద్ద అబద్ధం. కారం తమ్మన్న దొర చచ్చేనాటికి రాజుగారు పుట్టనేలేదు. జిల్లాకి ఆయన పేరు ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఆ జిల్లాలో చదివే పిల్లాడికి గుంపులో తన పేరేమిటో తెలియకపోతే మాత్రం అభ్యంతరం.

2022 జులై 4న భీమవరంలో ప్రధానమంత్రి రాజుగారి 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. ఆ వేదిక మీద మల్లు దొర కొడుకుని కూడా సత్కరించారని విని ఆ రాత్రి నాకు కడుపు నిండినట్టయింది. లంబసింగి పక్కన తాజంగిలో గిరిజన సమరయోధుల మ్యూజియం పని మొదలైంది. ఆలస్యమైనా మంచి పనే.

జులై 4 అమెరికావాళ్లకీ పెద్ద పండగ. ఆ రోజు వాళ్లకి స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. మనుషులంతా సమానమని ఆ ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ వాళ్ల మూడో అధ్యక్షుడు. చనిపోయిందీ జులై 4నే, 1826లో, ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజు. ఆయన జీవితకాలంలో ఆరువందలకు పైగా నల్లజాతి బానిసలకి యజమాని. మాంటిసెల్లో అనే ఆయన ఇంటిని చూడ్డానికి వెళ్లేవాళ్లకి చాలాకాలం ఆయన పుస్తకాలూ తోటలూ చూపించి పంపేవారు. ఇప్పుడు ఆ తోట తవ్వినవాళ్లు, వంట చేసినవాళ్లు, మేకులు కొట్టిన పిల్లలు ఎవరో పేరు పేరునా చెబుతున్నారు. ఆయన పిల్లల్ని కన్న బానిస స్త్రీ శాలీ హెమింగ్స్ గురించి 2018లో అక్కడే ఒక గదిలో ప్రదర్శన పెట్టారు. రాజుగారిని ఆయనతో పోల్చడం లేదు. రాజుగారు ఎవరికీ యజమాని కాదు, ఆయన చేతికి ఆ మరక లేదు. అంత పెద్ద మచ్చ ఉన్న మనిషి ఇంట్లోనే అందరి పేర్లూ చెప్పగలిగినప్పుడు, మచ్చలేని మనిషి పక్కన నిలబడ్డ వాళ్ల పేర్లు చెప్పడానికి మనకి అడ్డేమిటి?

పేర్ల దగ్గర ఆగిపోతే కూడా చాలదు. ఫితూరీ దేనికోసం జరిగిందో ఆ లెక్క ఇంకా తేలలేదు. ముఠాలు 1969లో రద్దయ్యాయి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో గట్టిపడింది. అరకు పక్కన బొర్రా గనుల తగాదాలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం, పోడు చేసుకున్నవాడిని మొదటిసారి హక్కుదారుగా ఒప్పుకుంది. అంటే 1882లో పడ్డ గీత చెరగడానికి 124 ఏళ్లు. చెరగడం కాగితం మీద. పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలివాళ్లని నేను రోజూ చూస్తున్నాను.

ఈ కథ పిల్లలకి ఎవరు చెబుతారన్నదీ పట్టించుకోవాల్సిన సంగతే. 2000లో వచ్చిన జీవో నంబర్ 3 ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మైదానం నుంచి వచ్చిన మంచి టీచర్లతో నేను కలిసి పనిచేశాను, వాళ్లని తక్కువ చెయ్యను. కానీ సోళ్ల మూట గెడ్డ దాటించిన ఇంట్లో పెరిగిన టీచరు ఈ పాఠం చెబితే పిల్లలు వినే తీరు వేరు. అరకు లోయలో ఫితూరీ నడవలేదు, అది దక్షిణాన గూడెం, రంప కొండల సంగతి. అయినా అక్కడి కోదుల పిల్లలకి, పొరజల పిల్లలకి అవ్వ మాటలు చెప్పినప్పుడు వాళ్లు తమ అవ్వల మాటలు తీసుకొచ్చి నాకు చెప్పారు.

నా చివరి జులై 4 నాటకంలో గుంపు లేదు. ఇరవై మందికీ పేర్లు పెట్టాం. ఒకడు తమ్మన్న దొర, ముందు రంగంలోనే పోతాడు. ఒకడు వీరయ్య దొర, ఠాణా లోపల కూర్చుని తలుపు కోసం చూస్తుంటాడు. గంటం దొరకి రాజుతో సమానంగా మాటలు. ఒక ఆడపిల్లకి రోడ్డు మీద రాళ్లు మోసే పాత్ర. ఆ అమ్మాయి బాస్టియన్ ముందు బుట్ట దింపి కూలి లెక్క అడుగుతుంది. ఇంకో పిల్లాడు ఒక్క మాటా లేకుండా మూట తీసుకొచ్చి రాతి పక్కన పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతాడు. పాత్రల జాబితాలో వాడి ఎదుట మా ముత్తాత పేరు రాశాను.

చలికాలంలో మంచు చూడ్డానికి మీరంతా లంబసింగి వస్తారు. తెల్లవారుజామున నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతారు. కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటారు, టీ తాగుతారు. రండి, మా ఊళ్లకి అది నాలుగు డబ్బులు. మీ పిల్లలకి రాజుగారి కథ చెబుతూ వచ్చి ఉంటారు గనక ఇంకో రెండు పేర్లు కలిపి చెప్పండి, గంటం దొర, మల్లు దొర అని. మీ కారు ఎక్కుతున్న ఆ రోడ్డుని నూరేళ్ల కిందట మా వాళ్లు చేతులతో తవ్వారు. ఆ కూలి వాళ్లకి పూర్తిగా ముట్టలేదు.